పాత అంబాసిడర్‌కు పెద్ద ఇంజిన్

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్‌లో 1,489 సీసీ ఇంజిన్ పూర్తిగా అరిగిపోయింది. దాని స్థానంలో, అంబాసిడర్ కార్లకు 1990లలో కంపెనీయే అమర్చిన 1,817 సీసీ ఇసుజు (జపాన్ కంపెనీ) పెట్రోల్ ఇంజిన్‌ను, అయిదు గేర్ల గేర్‌బాక్స్‌తో సహా బిగించాలని అనుకుంటున్నాను.

షెడ్లలో ఎవరిని అడిగినా పికప్ గురించే చెబుతున్నారు. నేను ముందు చక్రం విప్పి చూసేసరికి డ్రమ్ములోని బ్రేక్ లైనింగ్ గోరంత మందం కూడా మిగలలేదు. ఈ బ్రేకులతో పాతదానికన్నా బలమైన ఇంజిన్‌ను నడపడం ప్రాణాంతకం. కనుక బ్రేకులు, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు, రేడియేటర్, గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు ముందుగా సరిచూసుకుని, ఆ ఖర్చు కూడా కలుపుకున్నాకే ఇంజిన్‌కు బయానా ఇవ్వాలని నాలాంటి యజమానులకు నా మనవి.

అసలు చిక్కు కాగితాల దగ్గర ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా అయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇంజిన్ నంబరుతో పాటు సీసీ కూడా మారినప్పుడు ఏయే పత్రాలు జతచేయాలో, తనిఖీ ఎలా జరుగుతుందో రవాణా శాఖ తేట తెలుగులో ప్రకటించి, ప్రతి ఆర్టీవో కార్యాలయం గోడకు అంటించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం