మైపాడులో వల ఇచ్చిన అన్నకు కృతజ్ఞతలు

అన్నా, పేరడిగినా చెప్పకుండా వెళ్లిపోయారు. అందుకే ఇలా రాస్తున్నాం.

ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. అన్నాళ్లూ మాకు కుక్కలతోనే టెన్షన్. గుడ్లను పొదిగించే హేచరీ చుట్టూ కట్టుకోమని మీరిచ్చిన వలతో అది తీరింది. చిరుగులన్నీ నీలం నైలాన్ దారంతో మీరే అల్లి మరీ ఇచ్చారు. వేట మీద బతికే మనిషి వల ఇవ్వడమంటే మాటలా!

తాబేలు పిల్లలు వెలుతురు వైపు పాకుతాయని, ఒడ్డున లైట్లుంటే సముద్రం వదిలి ఊరివైపు వచ్చేస్తాయని బడి పిల్లలకు చెబుతుంటే మీరూ వెనక నిలబడి విన్నారు. ఆ రాత్రే మీ పడవల దగ్గర బల్బు ఆర్పేశారు.

మీకు, మీ ఇంటివాళ్లకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. తాబేలు పిల్లల్ని నీళ్లలోకి వదిలే రోజు తెల్లవారుజామున తప్పకుండా రండన్నా.