వార్షిక నివేదిక: పాత సైన్స్ భవనాల పునరుద్ధరణలో ముందు తేలాల్సింది గాలి లెక్క

సభ్యులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల పాత సైన్స్ భవనాలను ఇప్పటి పరిశోధనకూ బోధనకూ పనికొచ్చేలా మార్చడం మీదే ఈ ఏడాది మన చర్చల్లో సింహభాగం సాగింది. సంఘం గట్టిగా చెప్పదలచింది ఒకటే: గోడలు గీయకముందే గాలి లెక్క తేల్చండి.

ఒక్క ఫ్యూమ్ హుడ్‌నే తీసుకోండి, అంటే ప్రయోగాల్లో లేచే ఆవిరిని బయటికి లాగేసే, ముందు అద్దం తలుపు ఉన్న అర. వెడల్పు 1.8 మీటర్లు, అద్దం తలుపు ఎత్తింది 45 సెంటీమీటర్లు, నోటి దగ్గర గాలి వేగం సెకనుకు 0.5 మీటర్లు. గంటకు సుమారు 1,450 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతుంది. 40 చదరపు మీటర్ల విస్తీర్ణం, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో గాలి మొత్తం గంటకు 12 సార్లు మారినట్టే. దాన్ని మళ్లీ గదిలోకి తిప్పకూడదు. దాదాపు అంత గాలీ బయటినుంచి తేవాలి. ఖర్చు తగ్గించాలని సప్లై ఫ్యాన్ చిన్నది పెడితే గది తలుపు లాగడమే కష్టమవుతుంది, సందుల్లో ఈల మోగుతుంది, హుడ్ లాగుడు తగ్గి ఆవిరి పనిచేసేవారి మొహానికే వస్తుంది.

హుడ్‌ను తలుపు పక్కన పెట్టడం తరచూ జరిగే పొరపాటు. మనిషి నడక సెకనుకు మీటరుకు పైనే, హుడ్ లాగుడు అందులో సగం. ముందునుంచి ఎవరు నడిచినా వెనక లేచే సుడి ఆవిరిని బయటికి ఈడ్చుకొస్తుంది. హుడ్ స్థానం ఎవరూ అటూఇటూ తిరగని లోపలి గోడే.

శ్లాబుకూ శ్లాబుకూ మధ్య 3.6 మీటర్లే ఉంటే బీముల కింద డక్ట్‌లకు, అంటే గాలి గొట్టాలకు, చోటు చాలదు. అలాంటిచోట రసాయన ప్రయోగశాలలను పై అంతస్తుకు మార్చండి, డక్ట్ నేరుగా డాబా మీదికి పోతుంది. అదురు తట్టుకోలేని మైక్రోస్కోపులు నేలమీది అంతస్తులోనే ఉండాలి. 1965లో పూర్తయిన అమెరికా పరిశోధన సంస్థ సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో వాస్తుశిల్పి లూయీ కాన్ పైపులూ డక్ట్‌ల కోసమే ప్రయోగశాలల మధ్య విడి అంతస్తులు కట్టారు. ప్రయోగాలు ఆపకుండా మరమ్మతు చేసే వీలు కల్పించడమే దాని ప్రయోజనం.

కూల్చేముందు పాత సింకుల ట్రాపులు (కింద నీరు నిలిచే వంపు గొట్టాలు) విప్పి పాదరసం చూడండి. పెర్‌క్లోరిక్ ఆమ్లం వాడిన డక్ట్‌ను నీటితో బాగా కడిగించకుండా సుత్తి తగలనివ్వకండి, లోపల గడ్డకట్టిన లవణాలు పేలతాయి.

అప్పగింత రోజు హుడ్ లాగుడు చూసే పొగ పరీక్ష ఖాళీ గదిలో చేస్తే చాలదు. బల్లలు వేసి, ఏసీ నడుపుతూ, తలుపు తెరిచి మూస్తూ చేయించండి.