బోర్డులో చేరే ముందు మ్యూజియం పద్దులు చదవడం

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం అందింది. మీ ఊరి సమకాలీన కళా మ్యూజియం వాళ్లు నిన్ను ట్రస్టీగా రమ్మన్నారంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేనురా. ఇప్పుడు బతికున్న ఆర్టిస్టుల పని జనం చూడ్డానికి ఊరికొక్క చోటైనా ఉండాలి. ఆ చోటు నిలబడాలంటే లెక్కలు తెలిసినవాళ్లు కొందరు బోర్డులో కూర్చోవాలి. "బొమ్మల గురించి నాకేం తెలుసు" అని రాశావు, ఆ సంకోచం వదిలెయ్. బొమ్మలు చూసుకోవడానికి క్యూరేటర్లున్నారు. నువ్వు పద్దులు చూడు.

పద్దుల్లో ముందు ఏం చూడాలో తెలియాలంటే మీ కాలిఫోర్నియాలోనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లోని సమకాలీన కళా మ్యూజియం మోకా 1979లో పుట్టింది. పక్కా భవనం లేచేలోపే, 1983లో, లిటిల్ టోక్యోలో పోలీసు కార్ల పాత షెడ్డును ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ చేత బాగు చేయించి ప్రదర్శనలు మొదలుపెట్టారు. 1984లో ఇటలీకి చెందిన పాంజా సేకరణ నుంచి 80 కళాఖండాలు కోటీ 10 లక్షల డాలర్లకు కొన్నారు. అరాతా ఇసోజాకి కట్టిన అసలు భవనం 1986లో తెరుచుకుంది. ప్రదర్శనలంటావా, దేశంలో ఎవరికీ తీసిపోవు. ఒక్క 2007లోనే స్త్రీవాద కళ మీద 'వాక్!' పెట్టారు, తకాషి మురకామి ప్రదర్శనా పెట్టారు. పేపర్లన్నీ మెచ్చుకుంటూనే ఉన్నాయి. ఏటా ఖర్చు మాత్రం 2 కోట్ల డాలర్లు దాటుతోంది, రాబడి అంత లేదు. ఆ తేడాను ఏళ్ల తరబడి ఎండోమెంట్ అనే శాశ్వత నిధిలోంచి తీసి పూడుస్తూ వచ్చారు. కొన్ని కోట్లున్న ఎండోమెంట్ 2008 చివరికి 60 లక్షల దగ్గరికి దిగిపోయింది. మార్కెట్ కూలింది కూడా అప్పుడే, కానీ అసలు నష్టం అంతకు ముందే జరిగిపోయింది.

ఎండోమెంట్ అంటే మన గుడి మాన్యం అనుకో. పంట తినొచ్చు, పొలం అమ్మకూడదు. మామూలుగా మ్యూజియాలు గత మూడేళ్ల సగటు విలువ మీద ఏడాదికి 4 నుంచి 5 శాతం తీసుకుంటాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 7 శాతం దాటి తీస్తే అది వివేకం లేని పనేనని ముందే అనుమానిస్తారు, కాదని చూపించుకోవాల్సిన బరువు మీ బోర్డు మీద పడుతుంది. ఇప్పుడు లెక్క వేసి చూడు. 60 లక్షల మీద 5 శాతమంటే 3 లక్షలు. 2 కోట్ల ఖర్చులో అది ఒకటిన్నర శాతం, ఏ మూలకీ రాదు.

ఆ తర్వాత జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ఆరా తీసింది. అదే ఊళ్లోని పెద్ద మ్యూజియం లాక్మాలో కలిపేద్దామన్న మాట వచ్చింది. 2008 డిసెంబరులో ఎలీ బ్రాడ్ అనే సంపన్న దాత 3 కోట్ల డాలర్ల హామీ ఇచ్చాడు. కోటిన్నర ఎండోమెంట్‌కి, అదీ ఇతరుల నుంచి ఎంత వస్తే అంత. మిగతా కోటిన్నర ప్రదర్శనల కోసం, ఏడాదికి 30 లక్షల చొప్పున ఐదేళ్లు. డైరెక్టరు తప్పుకున్నాడు, సిబ్బందిని తగ్గించారు, గెహ్రీ షెడ్డును కొన్నాళ్లు మూసేశారు. అదే మ్యూజియం 2013లో గట్టిగా పట్టుబట్టి, 2014 జనవరికల్లా ఎండోమెంట్‌కి 10 కోట్ల డాలర్ల హామీలు కూడగట్టిందంటే ట్రస్టీలు తలచుకుంటే ఏమవుతుందో కూడా తెలుస్తుంది. 10 కోట్ల మీద 5 శాతమంటే 50 లక్షలు. అది నిజంగా ఆసరా.

కాబట్టి నువ్వు మొదట వెతకాల్సిన అంకె ఒక్కటే: షరతుల్లేని సొమ్ము ఎంత? ఇలాంటి సంస్థలు ఏటా పన్నుశాఖకి ఇచ్చే 990 ఫారంలో అది ఉంటుంది. దొరకడం కష్టమేం కాదు, ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ సైట్లో ఉచితంగా ఉంటుంది. పదో భాగం బ్యాలెన్స్ షీట్. దాని అడుగున 27వ లైను దాత షరతులు లేని నికర ఆస్తి, 28వ లైను షరతులున్నది. 27 చిన్నదై 28 కొండంత ఉంటే వెంటనే బెదిరిపోకు, చాలా మ్యూజియాల్లో అంతే. 27 మైనస్‌లో ఉంటే మాత్రం ఆగాలి. షరతులున్న డబ్బు తెచ్చి జీతాలిచ్చేశారేమోనని అడగాల్సింది అప్పుడే. "ఒక ఫండు నుంచి ఇంకో ఫండుకి చేబదులు" అని అందంగా చెప్తారు. ఎప్పుడు, ఎక్కణ్ణుంచి తిరిగి కడతారో కాగితం మీద లేకపోతే దాన్ని చేబదులనకూడదు.

తర్వాత ఆ 990కి జోడించిన షెడ్యూల్ డి తియ్. ఐదో భాగంలో ఎండోమెంట్ ఐదేళ్ల కథ పక్కపక్క గడుల్లో ఉంటుంది. ఏడాది మొదట్లో ఎంత, కొత్తగా వచ్చింది, పెట్టుబడి లాభం, తీసినది, చివరికి మిగిలింది. నువ్వు ఒక పెన్సిలు తీసుకుని, తీసినదాన్ని మొదటి నిల్వతో భాగించు. అది 4, 5, 5, 8, 9 శాతం అని పోతోందంటే ఎవరూ నీకు కథ చెప్పక్కర్లేదు. అక్కడే కింద ఇంకో సంగతుంటుంది: మొత్తంలో శాశ్వతం ఎంత, బోర్డు తనంతట తాను పక్కన పెట్టింది ఎంత అని. ఈ రెండోదాన్ని బోర్డు ఇంకో తీర్మానంతో బయటికి తీయగలదు, దాత కట్టేసినదాన్ని తీయలేదు. "మాకు 80 లక్షల ఎండోమెంట్ ఉంది" అని మీటింగులో ఎవరైనా అంటే ఆ రెండూ విడదీసి చెప్పమను.

ఒక్క 990తో సరిపెట్టుకోకు. ఏడాదికి 20 లక్షల డాలర్లు, ఆ పైన రాబడి ఉన్న సంస్థకు మీ రాష్ట్రంలో ఆడిట్ తప్పనిసరి, కాబట్టి ఆడిట్ రిపోర్టు ఉంటే అడుగు. వెనక నోట్సులో లిక్విడిటీ నోటు అని ఒకటుంటుంది. రాబోయే 12 నెలల్లో ఖర్చుకు నిజంగా అందే డబ్బెంతో అందులో రాస్తారు. దాన్ని నెల ఖర్చుతో భాగిస్తే తలుపులు ఎన్నాళ్లు తెరిచి ఉంచగలరో వస్తుంది. మూడు నెలల కన్నా తక్కువ వస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంకో తిరకాసుంది, పెద్ద పెద్ద బిజినెస్‌వాళ్లు కూడా దీని దగ్గర పొరపడతారు. ఎవరో దాత ఐదేళ్లలో 10 లక్షలిస్తానని షరతుల్లేకుండా మాటిస్తే, అకౌంటింగ్ నిబంధన ప్రకారం దాదాపు ఆ మొత్తమంతా ఈ ఏడాది రాబడిగానే రాస్తారు. పుస్తకాల్లో ఈ ఏడు బ్రహ్మాండమైన మిగులు. వచ్చే నాలుగేళ్లూ అదే డబ్బు చేతికొస్తున్నా రాబడిలో కనబడదు, లోటు చూపిస్తుంది. అందుకని ఒక్క ఏడాది మిగులు చూసి చప్పట్లు కొట్టకు, లోటు చూసి గాభరా పడకు. నగదు రాకపోకల పట్టిక విడిగా, నెలవారీగా ఇమ్మను.

మీ మ్యూజియం దగ్గర మంచి కళాఖండాలు వందల్లో ఉన్నాయన్నావు కదా, అవి బ్యాలెన్స్ షీట్‌లో కనబడకపోవచ్చు. ప్రదర్శనకీ, చదువుకీ, పరిశోధనకీ ఉంచుకుని, జాగ్రత్తగా కాపాడుతూ, అమ్మితే ఆ డబ్బు దేనికి వాడాలో విధానం రాసుకున్న సేకరణను ఆస్తిగా చూపించక్కర్లేదని నిబంధన. ఇది చాలా మంచి నిబంధన. గోడ మీది పెయింటింగును ఆస్తి అనుకోవడం మొదలైతే కరెంటు బిల్లుకి దాన్ని అమ్మాలన్న ఆలోచన ఎంతో దూరంలో ఉండదు. మ్యూజియం డైరెక్టర్ల సంఘం ఏఏఎమ్‌డీ ఆ పనికి అస్సలు ఒప్పుకోదు. అమ్మిన డబ్బుతో మళ్లీ కళాఖండాలే కొనాలి. 2022 నుంచి ఉన్నవాటి ప్రత్యక్ష సంరక్షణకీ కొంత వీలిచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎస్‌ఎఫ్‌మోమా 2019లో మార్క్ రోత్కో పెయింటింగు ఒకటి 5 కోట్ల డాలర్లకు పైగా అమ్మి, ఆ డబ్బుతో తమ సేకరణలో చోటు దొరకని ఆర్టిస్టుల కళాఖండాలు కొంది. ఆ పద్ధతి సరైనదే. మసాచుసెట్స్‌లో బెర్క్‌షైర్ మ్యూజియం భవనం పనులకీ ఎండోమెంట్‌కీ అని 2018లో కళాఖండాలు అమ్మితే, సంఘంలోని మ్యూజియాలు వాళ్లకు కళాఖండాలు అరువివ్వొద్దని, ప్రదర్శనల్లో కలవొద్దని ఆంక్ష పెట్టారు. అరువు ఆగిపోతే ప్రదర్శనలు ఎలా పెడతారు?

ఇక ప్రదర్శనల ఖర్చు. చిన్న మ్యూజియాల బడ్జెట్ చిరిగేది ఎక్కువగా ఇక్కడే, కాస్త నిదానంగా చదువు. ఇంకో ఊరి మ్యూజియం నుంచి ఒక్క పెయింటింగ్ అరువు తెచ్చుకున్నారనుకో. దాని కొలతకు పెట్టె చేయించాలి, లోపల ఫోము కోయించాలి. ఏసీ, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ట్రక్కు కావాలి. గోడ మీంచి దించిన క్షణం నుంచి తిరిగి అదే గోడకెక్కే దాకా బీమా ఉండాలి. విలువ పెద్దదైతే ఇచ్చినవాళ్ల మనిషి ఒకరు, కొరియర్ అంటారు, వెంట వస్తారు, వాళ్ల ప్రయాణం, హోటలు, రోజు భత్యం మీవే. పెట్టె వచ్చాక 24 గంటలు తెరవకూడదు, లోపలి చెక్క, గుడ్డ, రంగు మీ గది తేమకీ వేడికీ అలవాటు పడాలి. ఆ తర్వాత కళాఖండాల రాకపోకలు చూసుకునే రిజిస్ట్రార్ టార్చిలైటు వెలుతురు పక్కవాటంగా పడేలా పట్టుకుని అంగుళం అంగుళం చూస్తుంది. బయల్దేరినప్పటి ఫోటోల పక్కన పెట్టి, ఎడమ మూల పగులు అప్పుడెంత, ఇప్పుడెంత అని రాసి సంతకం చేస్తుంది. ఆ కాగితం లేకపోతే రేపు బీమావాడు పైసా ఇవ్వడు. ఇదంతా తిరుగు ప్రయాణంలో మళ్లీ మొదటి నుంచీ జరగాలి. కొత్త బడ్జెట్లలో జారిపోయేది ఈ తిరుగు ఖర్చే. పద్దు సంవత్సరం జూన్ 30తో ముగిసి ప్రదర్శన ఆగస్టులో దిగితే, ఆ బిల్లులు వచ్చే ఏటి మీద పడతాయి, ఈ ఏడాది లెక్క అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

వీడియో కళాఖండాలైతే మోత ఇంకో రకం. రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు, 14 వారాలంటే 672 గంటలు. పాత బల్బు ప్రొజెక్టర్లు రెండు మూడు వేల గంటలకే అయిపోతాయి, వెలుగు అంతకు చాలా ముందే తగ్గుతుంది. లేజరువి 20 వేల దాకా లాగుతాయి, కొనేటప్పుడే బరువు. సోల్ లెవిట్ అనే ఆర్టిస్టు గోడ చిత్రం లాంటిదయితే కొన్నది సర్టిఫికెట్టు, రేఖాపటం మాత్రమే. శిక్షణ ఉన్నవాళ్లు వచ్చి వారాల తరబడి గోడ మీద వేయాలి, అయ్యాక దాని మీద సున్నం వేసేయాలి. వాళ్ల కూలి ఏ పద్దులో ఉందో చూడు. ఆర్టిస్టు చేత కొత్తగా చేయిస్తుంటే ప్రదర్శన దిగాక అది ఎవరిదో, ఎవరి గోడౌన్‌కి వెళ్తుందో, అద్దె ఎవరిదో మొదటిరోజే రాసుకోవాలి. మొత్తం మీద 10 శాతం అదనం లేని ప్రదర్శన బడ్జెట్ మీద ఓటు వెయ్యకు.

దాతలు ప్రదర్శనకిస్తారు, పిల్లల వర్క్‌షాపుకిస్తారు, గోడ మీద పేరుంటే ఇంకా ఇస్తారు. సెలవు రోజున కూడా రాత్రంతా తిరిగే ఏసీకి, గార్డులకి, కారే పైకప్పుకి ఇచ్చేవాళ్లు దొరకరు. అందుకని ప్రతి గ్రాంటు దరఖాస్తులోనూ ఆ ఖర్చులో కొంత వాటా కలపాలి. ఫెడరల్ గ్రాంట్లలో ఈ వాటాకి ప్రభుత్వం నుంచి విడిగా రేటు తెచ్చుకోని సంస్థ కూడా 15 శాతం దాకా వేసుకోవచ్చు, 2024 అక్టోబరుకి ముందు అది 10 ఉండేది. మొహమాటపడి సున్నా రాసే మ్యూజియాలున్నాయి, మీది వాటిలో ఒకటి కానివ్వకు.

విరాళాల కోసం పెట్టే గాలా డిన్నరు గురించి గొప్పగా చెప్పే ఉంటారు. 990లోని షెడ్యూల్ జిలో వచ్చినదీ, విందు ఖర్చూ పక్కపక్కనే ఉంటాయి. అందులో నాలుగు నెలలు వేరే పనేం చేయని సిబ్బంది జీతం ఉండదు, అదీ కలిపి చూడు. ఆ విందులో వేలానికి ఆర్టిస్టులు తమ బొమ్మలిస్తారు కదా, వాళ్లకు పన్ను మినహాయింపు రంగుల, గుడ్డ ఖరీదు మేరకే. అదే బొమ్మ కొని దాచుకున్నవాడు మ్యూజియం సేకరణకిస్తే మార్కెట్ విలువ దొరుకుతుంది. ఇది 1969 నాటి చట్టం. నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆర్టిస్టులను ప్రతి ఏడూ ఊరికే బొమ్మలడగడం మానిపించు, కనీసం అమ్మిన ధరలో సగమైనా వాళ్లకిచ్చే పద్ధతి పెట్టించు.

ప్రవేశం ఉచితం చెయ్యాలన్న చర్చ నడుస్తోందని రాశావు. చెయ్యాలనే నా అభిప్రాయం. టికెట్ల డబ్బు ఇలాంటి మ్యూజియాల మొత్తం ఖర్చులో చిన్న భాగమే. కానీ మోకా ఎలా చేసిందో చూడు: 15 డాలర్ల టికెట్టు తీసేయడానికి ముందు కరోలిన్ క్లార్క్ పవర్స్ అనే ట్రస్టీ నుంచి కోటి డాలర్లు ఖాయం చేసుకుని, 2020 జనవరిలో అమలు చేశారు. రెండు నెలలకే కోవిడ్ వచ్చి తలుపులు మూతపడ్డాయి, పార్ట్‌టైమ్ వాళ్లు 97 మందికి ఉద్యోగాలు పోయాయి. ఒక పనికి కట్టేసిన కోటి డాలర్లు ఇంకో ఆపదకు అక్కరకు రావు. అందుకే మూడు నెలల నిల్వ అని అంత గట్టిగా చెప్పాను. మీరు ఉచితం చేస్తే సభ్యత్వం కట్టేవాళ్లు కూడా తగ్గుతారు, వాళ్లలో చాలామంది టికెట్టు కలిసొస్తుందనే చేరతారు. ఆ లోటు కూడా లెక్కలో వేయించు.

ట్రస్టీలు ఏటా ఇంత ఇవ్వాలి లేదా తేవాలి అన్నారని రాశావు కదా, అది ఇక్కడ మామూలే, తప్పేం కాదు. నీకు భారం కాని మొత్తమైతే ఒప్పుకో. ఇచ్చేటప్పుడు చెక్కుతో పాటు "షరతులేమీ లేవు, నిర్వహణ ఖర్చుకు" అని ఒక్క లైను రాసివ్వు. డైరెక్టరుకి అంతకన్నా పెద్ద సాయం లేదు. సంతకం పెట్టేలోపు ట్రస్టీలకు బాధ్యతా బీమా ఉందా అని, 990లోని షెడ్యూల్ ఎల్‌లో బోర్డువాళ్లతో వ్యాపార లావాదేవీలు ఏమైనా చూపించారా అని కనుక్కో. ట్రస్టీలు తాము కొనుక్కుని దాచిన బొమ్మల ఆర్టిస్టుకి మ్యూజియంలో ప్రదర్శన పెట్టిస్తే ఆ బొమ్మల ధర పెరుగుతుంది, ఆ ఓటింగులో వాళ్లు పక్కకు తప్పుకున్నట్టు మినిట్స్‌లో ఉండాలి.

మూడేళ్ల 990లు, కిందటేడు ఆడిట్ రిపోర్టు, రాబోయే ప్రదర్శన బడ్జెట్ ఒకటి నాకు పంపు. కూర్చుని గీతలు గీసి తిప్పి పంపుతాను. వదినకి నా నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు చెప్పు.

నీ
శ్రీను