చెక్కు సన్మానం రోజు కాదు, అడ్వాన్స్ కట్టే రోజుకి అందాల

ఎడిటర్ గారికి నమస్కారం.

మన జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వస్తుంటాయి కదా సార్, ఫలానా ఊరి పిల్లోడు అంటార్కిటికాలో పర్వతం ఎక్కబోతున్నాడు, దాతలు సాయం చేయండి అని. చదివినప్పుడల్లా ఎంత సంతోషమైతాదో అంత భయం కూడా వేస్తాది. ఇన్ని లక్షలు కావాల అని ఒక్క ముక్క ఉంటాదే గానీ అది ఏ తేదీకి కావాల, దేనికెంత అనేది యాడా ఉండదు. నేను కడపలో ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాస్తా. మా వీధిలో ఒకమ్మాయి అంటార్కిటికాలో అన్నిటికంటే ఎత్తైన విన్సన్ పర్వతానికి పోవాలని పట్టుబట్టి కూచుంటే బడ్జెట్ షీటు నేనే వేసిచ్చినా, అందుకే ఈ ఉత్తరం.

విన్సన్ ఎత్తు 4,892 మీటర్లు, ఎవరెస్ట్‌లో సగానికి కొంచెం ఎక్కువ, కాబట్టి ఖర్చూ సగమే అనుకుంటారు చానామంది. అక్కడ ఖర్చు ఎత్తుని బట్టి కాదు, దూరాన్ని బట్టి. చిలీ దేశంలో పుంటా అరేనాస్ వరకు మామూలు ఫ్లైట్, అక్కడ్నించి అంటార్కిటికాలో యూనియన్ గ్లేసియర్ అనే క్యాంపుకి స్పెషల్ విమానం, అది దిగేది గట్టి మంచుగడ్డ మీద, మళ్లీ స్కీలు బిగించిన చిన్న విమానంలో బేస్ క్యాంపు. ఈ విమానాలూ గైడూ క్యాంపూ అన్నీ కలిపి 50 వేల డాలర్లు, కొంచెం అటూఇటూ. అంటే డాలరు మీద ఒక్క రూపాయి పెరిగిందంటే మనకి 50 వేలు పెరిగినట్టే, వాయిదాల్లో కట్టేవాళ్లకి చివరి వాయిదా నాటికి రేటు ఎంతుంటాదో ఎవరు చెప్తారు? విదేశానికి అంత డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను కూడా పట్టుకుంటారు, రిటర్న్ వేస్తే తిరిగొస్తాది నిజమే, కానీ ఆ రోజుకి చేతిలో ఉండాల కదా. ఈ లైను ఎవరి షీట్లోనూ నాకు కనపడలా.

ఇంకోటి వాతావరణం. గాలి ఎక్కువున్నా, ఎదర ఏమీ కనపడకపోయినా విమానం లేవదు. పోయేటప్పుడు పుంటా అరేనాస్‌లో, వచ్చేటప్పుడు యూనియన్ గ్లేసియర్‌లో రోజుల తరబడి ఆగాల్సి రావచ్చు. హోటల్ ఖర్చు, రిటర్న్ టికెట్ తేదీ మార్పు, అన్నీ మన మీదే. ఇన్సూరెన్స్ అయితే మామూలు ట్రావెల్ పాలసీ చాలదు, పర్వతారోహణకీ అంటార్కిటికా నుంచి ఎమర్జెన్సీగా తీసుకురావడానికీ వర్తిస్తాదా అని కాగితం మీద రాయించుకోవాల. వీటన్నిటికీ మొత్తంలో కనీసం 15 శాతం పక్కన పెట్టి, దాన్ని ముట్టుకోకూడదని నేను గట్టిగా రాసిపెట్టినా. ఇంట్లోవాళ్లు తగ్గించమన్నారు, నేను ఒప్పుకోలా.

అసలు బాధ తేదీల దగ్గర. అక్కడ ఎక్కేది నవంబర్ ఆఖరు నుంచి జనవరి లోపలే, బ్యాలెన్స్ మాత్రం బయల్దేరడానికి నెలల ముందే కట్టేయాల. మన దగ్గరేమో చెక్కులన్నీ పిల్లోడు తిరిగొచ్చి జెండా చూపించిన తర్వాత, శాలువాతో పాటు వస్తాయి. మధ్యలో తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. 20 లక్షలకి నెలకి 40 వేల వడ్డీ సార్, ఒక చిన్న అంగడి నడుపుకునే మనిషి ఎన్నాళ్లు కడతాడు?

ట్రైనింగ్ గురించీ చెప్పాల. మన ఎండల్లో పెరిగిన పిల్లలు ఒక్కసారిగా మైనస్ 30 డిగ్రీల్లో టెంటు వేసుకుని, మంచు కరిగించి నీళ్లు కాచుకుని, లగేజీ స్లెడ్జి మీద లాక్కుని పోవాల, అక్కడ కూలోళ్లు దొరకరు. 2014లో తెలంగాణ గురుకుల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కింది ముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో సాధన చేసినాకే. పూర్ణ విన్సన్ ఎక్కింది 2019లో, అంటే ఐదేళ్ల తర్వాత. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు గారు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కినారు, దాని వెనక ఏళ్ల తరబడి పడిన కష్టం ఉంది. ఉత్తరకాశీలో, డార్జిలింగ్‌లో పర్వతారోహణ నేర్పే సంస్థల్లో 28 రోజుల బేసిక్ కోర్సు, తర్వాత అడ్వాన్స్ కోర్సు, వీటికయ్యేది పెద్ద ఖర్చేం కాదు. దాతలు మొదటి డబ్బు ఇక్కడ పెట్టాల. అది పూర్తి చేయని పిల్లల్ని అంటార్కిటికాకి పంపమని ఎవరడిగినా నేనైతే రూపాయి ఇవ్వను.

అందుకని మీకొక విన్నపం. ఇట్లాంటి వార్త వేసేటప్పుడు ఖర్చు వివరం, ఏ వాయిదా ఏ తేదీకి కట్టాల, చేసిన కోర్సులేవి, ఇప్పటిదాకా ఎంత జమైంది, ఈ నాలుగూ ఒక చిన్న బాక్సులో వేయండి. డబ్బు నేరుగా పిల్లల ఖాతాలో కాకుండా ఇద్దరు సంతకాలు పెడితేనే కదిలే ఖాతాలో వేయించమని కూడా రాయండి. ప్రభుత్వ సాయం అర్జీల మీద నిర్ణయం జూన్ లోపల చెప్పేయమని జిల్లా అధికారులను మీ పేపర్ తరఫునే అడగండి, ఇవ్వలేమన్నా ఫర్వాలా, అప్పుడే తెలిస్తే ఆ ఇల్లు అప్పు చేయకుండా ఇంకో ఏడాది ఆగుతాది.

ఇట్లు,
మీ పాఠకుడు, కడప