అనుభవం చూపమంటే చాదస్తమా?

అయ్యా,

కొత్త రకం విమానం చేతికందిన మొదటి రోజునుంచే సముద్రాలు దాటించేందుకు ఎయిర్‌లైన్లకు ఏ అడ్డూ ఉండకూడదంటూ ఆమధ్య మీరు వేసిన వ్యాసం చదివాను. ముందు ఏడాది నడిపి చూపమనడం చాదస్తమట. ఆ చాదస్తం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం వ్యాసకర్త ఒక్క ముక్క రాయలేదు.

రెండింజిన్ల విమానం, ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో గంటలో చేరగలిగే ఎయిర్‌పోర్టుకు అందుబాటులోనే ఎగరాలని 1953లో అమెరికా రూలు పెట్టింది. దాన్ని 1985లో 120 నిమిషాలకు, 1988లో 180కి పెంచారు. ఊరికే పెంచలేదు. ఆ విమానం, ఆ ఇంజిన్ కలిసి ఎన్నాళ్లు తిరిగాయి, గాల్లో ఎన్నిసార్లు ఇంజిన్ ఆగింది అని లెక్కలు తీశారు. ఎయిర్‌లైన్ అనుభవమూ చూశారు. 1995లో బోయింగ్ 777కి మాత్రం సర్వీసులోకి రాకముందే 180 నిమిషాలు రాసిచ్చేశారు. దానికి చేసిన పరీక్షలు గట్టివే, కాదనను. కానీ అప్పటినుంచి అది అందరికీ హక్కైపోయింది.

మరి బోయింగ్ 787 సంగతేమిటి? 2014లో దానికి 330 నిమిషాలు ఇచ్చారు. 2018లో రోల్స్ రాయిస్ తయారీ ట్రెంట్ 1000 ఇంజిన్లున్న కొన్ని విమానాలకు దాన్ని 140కి కోసేశారు. ఇంజిన్లో గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్లు పగుళ్లివ్వడం వల్ల. ఒక ఇంజిన్ ఆగాక రెండోది ఎక్కువ పవర్‌తో చాలాసేపు నడిస్తే ఆ బ్లేడ్లకు ప్రమాదమట! అంటే సరిగ్గా సముద్రం మధ్యలో అవసరమయ్యే పనే. పరీక్షల్లో దొరకనిది జనం ప్రయాణించాక దొరికింది.

ఇంజిన్ మంచిదైతే చాలదు, చూసుకునే చేతులూ ముఖ్యమే. 1983లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసావుకు 172 మందితో బయలుదేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో మూడు ఇంజిన్లకూ ఆయిల్ కారిపోయి, మూడూ ఆగిపోయాయి. ఆయిల్లో లోహపు ముక్కలు పట్టే చిప్ డిటెక్టర్లకు, ఆయిల్ కారకుండా వేయాల్సిన ఓ-రింగులు (రబ్బరు వాషర్లు) వేయలేదు. ఒకే పొరపాటు, మూడింటికీ! ఎలాగో ఒక ఇంజిన్ మళ్లీ అందుకుంది కాబట్టి వెనక్కొచ్చి దిగారు. ఇలా దూరం ఎగిరే విమానాల్లో ఒకే మెకానిక్ ఒకేసారి రెండు ఇంజిన్లకూ ఒకే పని చేయకూడదని ఇప్పుడు రూలుంది. రూలు పుస్తకంలో ఉంటే సరా? షెడ్డులో అర్ధరాత్రి పనిచేసేవాడికి అలవాటు కావాలి కదా, దానికి టైం పట్టదా?

దశాబ్దాలుగా బోయింగ్ 737లే నడిపిన అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్ కూడా 2019లో హవాయికి వెళ్లే ముందు ప్రయాణికులు లేకుండా విమానాలు నడిపి అధికారులకు చూపించాల్సొచ్చింది. ఆ విమానం వాళ్లకు కొట్టినపిండి. అయినా తప్పలేదు. కొత్త విమానం కొన్న కొత్త ఎయిర్‌లైన్‌కు మాత్రం ఎందుకు తప్పాలి?

అధికారుల మీద నమ్మకమా? తనిఖీ పనిలో చాలా భాగం తయారీదారు ఉద్యోగులకే అప్పగించి సంతకాలు పెట్టారు, 737 మ్యాక్స్ రెండుసార్లు కూలి 346 మంది పోయారు. రెండోది కూలాక గానీ వాటిని నేలమీద కూర్చోబెట్టలేదు. అడిగేవాడు లేకపోతే అంతే.

విమానంలో లైఫ్ జాకెట్ ఎలా ఊదుకోవాలో నవ్వుతూ చూపిస్తారు. దగ్గరి రన్‌వేకి గరిష్ఠంగా ఎన్ని నిమిషాల దూరంలో ఉంటామో, ఈ రకాన్ని ఎన్ని నెలలుగా నడుపుతున్నారో కూడా టికెట్ మీద అచ్చు వేయమనండి. వ్యాసకర్తకు అభ్యంతరం ఉండదులెండి, అనుభవంతో పనిలేదని ఆయనే అన్నారు కదా.

– ఓ పాఠకుడు