ధర్మవరం అక్కకు, కండక్టర్ అన్నకు, టీ కొట్టు పెద్దాయనకు

పోయిన శనివారం బెంగళూరులో నాకు సాయం చేసిన ముగ్గురికి ఈ నాలుగు ముక్కలు. ముగ్గురిలో ఒక్కరితోనే తర్వాత మాట్లాడగలిగాను. మిగతా ఇద్దరి పేర్లు కూడా తెలియవు. అనంతపురం వైపు వాళ్లు ఎవరైనా చదివి వాళ్ల చెవిన వేస్తారేమోనని ఇక్కడ రాస్తున్నా.

నాకు అగం అంటే పిచ్చి. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, అది బెంగళూరు బ్యాండ్. కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్‌తో కలిపి వాయిస్తారు. హరీశ్ శివరామకృష్ణన్ పాడుతూ పాడుతూనే వయొలిన్ అందుకుంటాడు. 2012లో మొదటి ఆల్బం, 2017లో రెండోది. ఆ రెండోది నేను ఇంటర్ చదివేటప్పుడు ఇల్లంతా మోగించేదాన్ని. అందులో నళినకాంతి రాగంలో త్యాగరాజ కీర్తన ఒకటుంది. మొదటిసారి విన్నప్పుడు నాన్న, "ఇదేంది, త్యాగయ్యను పట్టుకోని ఇట్ల దంచుతాండారు?" అని లేచి బయటికి పోయాడు. మూడో రోజు ఆయనే, "ఆ దంచేది పెట్టు పాపా" అన్నాడు. అప్పటి నుంచి ఒక్కసారైనా ఎదురుగా నిలబడి వినాలని నా కోరిక.

అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున 6 గంటల బస్సుకు పోయి, అక్కడ అగం ప్రోగ్రాం చూసి, రాత్రి బస్సుకు వెనక్కి రావాలని ప్లాన్. తోడు వస్తానన్న ఫ్రెండ్‌కు జ్వరం. ఒక్కదాన్నే పోతానంటే ఇంట్లో ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద పెద్ద సంచులు రెండు పట్టుకొని ఒక అక్క ఎక్కి నా పక్కన కూర్చుంది. ధర్మవరం ఆమె. ఇంట్లో మగ్గాలున్నాయట. చీరలు చిక్‌పేటలో ఒక షాపుకు ఇచ్చి, పాత బాకీ వసూలు చేసుకోవాలని బయలుదేరింది. బాగేపల్లి దాటాక నేను చిత్రాన్నం పొట్లం విప్పాను, ఆమె ఓళిగలు తీసింది. తిని, చెవుల్లో పాటలు పెట్టుకొని నిద్రపోయాను. ఆ నిద్రలోనే ఒళ్లో ఉన్న ఫోన్ జారి, సీటుకు, కిటికీ రేకుకు మధ్య సందులో పడిపోయింది.

మెజెస్టిక్ బస్టాండులో దిగి, మెట్రో మెట్ల దాకా పోయాక గానీ తెలియలేదు. ప్రోగ్రాం టికెట్ ఫోన్‌లోనే ఉంది. వేరే ఫోన్‌లో మెయిల్ తెరుద్దామంటే ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ వచ్చేది పోయిన ఫోన్‌కే. తాళం చెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయింది నా పని.

అక్క కూడా మెట్రోకే వస్తోంది. నా ముఖం చూసి, "ఏమైంది పాపా, ఎందుకట్ల అయిపోయినావు?" అంది. చెప్పగానే సంచులు భుజానికి ఎత్తుకొని నాకంటే ముందు వెనక్కి నడిచింది. ప్లాట్‌ఫారం ఖాళీ. బస్సు ఎక్కడో పార్కింగ్‌కు పోయిందన్నారు. ఆమె ఫోన్ నుంచి నా నంబర్‌కు చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఎత్తరు కదా మరి, నాన్న మాటిమాటికీ చేస్తాడని సైలెంట్‌లో పెట్టింది నేనే.

"ఇంటికి ఫోన్ చేసి చెప్పు" అంది అక్క. నాకు నోటికి వచ్చిన నంబర్ నాన్నది ఒక్కటే. కానీ చేయబుద్ధి కాలేదు. తెలిస్తే ఇక జన్మలో ఎక్కడికీ పంపరని భయం. అరగంట అట్లాగే బెంచీ మీద కూర్చున్నా. చివరికి అక్కే నంబర్ అడిగి, తనే నొక్కి, ఫోన్ నా చెవికి ఆనించింది.

నాన్న తిట్టలేదు. "నీ ఫోన్ కండక్టర్ దగ్గరుంది. నాలుగింటికి బస్సు అదే ప్లాట్‌ఫారం మీదికి వస్తాదంట, ఆడికి పో. చిత్రాన్నం తిన్నావా?" అన్నాడు. బస్సు ఊడ్చేటప్పుడు సీటు సందులో వెలుగు కనబడి, "నాన్న" అని వస్తుంటే కండక్టర్ అన్న ఎత్తాడట. నేను దాచిపెట్టాలని చూసిన సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు.

నాలుగు గంటలంటే ఇంకా చాలా టైముంది. "ఒక్కదానివే ఈడ కూర్చుని ఏం జేస్తావు, నాతో రా" అని అక్క నన్ను చిక్‌పేటకు తీసుకుపోయింది. మెజెస్టిక్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే. షాపులో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టారు. ఓనర్ కన్నడలో మాట్లాడతాడు, అక్క తెలుగులో జవాబిస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక్కో చీర మడత విప్పి, అంచు మీద వేలు పెట్టి, "ఈ పని ఇంకెవరు చేసిస్తారో చూపీ" అని అడిగేది. బాకీ మాట వచ్చేసరికి ఆయనకు ఫోన్లు ఎక్కువైపోయాయి. అక్క కదలలేదు. గంటన్నర కూర్చుని సగం డబ్బులు లెక్కబెట్టుకొనే లేచింది. మధ్యలో ఆయన నన్ను చూపించి యారు అని అడిగితే, "మా పిన్నమ్మ కూతురు" అంది, ఏ మాత్రం తడుముకోకుండా.

పని అయిపోగానే ఆమె ఇంటికి పోవచ్చు. పోలేదు. నాతో పాటు నాలుగింటికి ప్లాట్‌ఫారం మీద నిలబడింది.

కండక్టర్ అన్న చేతిరుమాల్లో చుట్టి ఫోన్ తెచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, "స్క్రీన్ మీద ఎవరి ఫొటో ఉంది?" అని అడిగాడు. "మా కుక్క అన్నా" అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. 200 రూపాయలు ఇవ్వబోతే, "దుడ్లు వద్దు పాపా, ముందు మీ నాయనకు ఫోన్ చెయ్. పొద్దున్నుంచి నన్ను చంపుతాండాడు" అన్నాడు. అన్నా, ఆయన తరఫున కూడా సారీ.

అక్క అదే బస్సు ఎక్కింది. టికెట్ నేను తీస్తానంటే కసురుకుంది. థాంక్స్ అని నేను నోరు తెరిచేలోపు బస్సు కదిలింది.

ఫోన్‌లో చార్జింగ్ 2 శాతం. మెట్రో దగ్గర ఒక చిన్న టీ కొట్టు. నేను నాన్నతో తెలుగులో మాట్లాడుతుంటే విని, అక్కడి పెద్దాయన తన ఫోన్ పీకేసి నాది పెట్టాడు. వాళ్లది మడకశిర పక్క ఊరట. నలభై నిమిషాలు ఒక్క టీతో కూర్చున్నా ఏమీ అనలేదు. ప్రోగ్రాం వైట్‌ఫీల్డ్ వైపు అంటే, ఏ లైన్ ఎక్కాలో, ఎటు వైపు దిగాలో రెండుసార్లు చెప్పి పంపాడు.

నేను చేరేసరికి రెండు పాటలు అయిపోయాయి. పోతే పోయాయి. నళినకాంతి మొదలుకాగానే చుట్టూ ఉన్న మలయాళీలు, కన్నడవాళ్లు, తమిళులు అందరూ తెలుగు మాటలు ఎత్తుకున్నారు. పక్కనున్న మలయాళీ అమ్మాయికి కీర్తన మొత్తం వచ్చు, అర్థం మాత్రం తెలియదు. త్యాగయ్య తన మనసునే పిలిచి నా మొర వినవా అంటున్నాడని డ్రమ్స్ మధ్యలో అరిచి చెప్పా. ఆమె తర్వాతి చరణంలో మాటలు మిగతావాళ్లలాగా కాకుండా నిదానంగా, ఒక్కొక్కటి పట్టుకుని పాడింది. నేను నాన్నకు ఫోన్ చేసి చేయి పైకెత్తి పట్టుకున్నా. ఆ గోలలో ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదట, పెట్టెయ్ అని అరిచి అరిచి ఊరుకున్నాడు.

రాత్రి బస్సులో ఫోన్ జాకెట్ లోపలి జేబులో పెట్టి, జిప్ వేసుకుని పడుకున్నా.

అక్క నంబర్ నాన్న ఫోన్‌లో ఉండిపోయింది కాబట్టి మర్నాడే మాట్లాడా. మిగతా బాకీ ఇంకా రాలేదట. పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది, అందుకే రాయలేదు. కండక్టర్ అన్నా, మీరు ఈ రూట్‌లోనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలుస్తా.

టీ కొట్టు పెద్దాయనా, మీ చార్జర్ తెల్ల వైరు హడావుడిలో నా ఫోన్‌తో పాటు వచ్చేసింది. ఇంటికి వచ్చి బ్యాగు సర్దుతుంటే బయటపడింది. వచ్చే నెల బెంగళూరులో పనుంది, తెచ్చి ఇస్తా.