పులికాట్ పాచిని తిరుపతిలోనే బతికించి పెట్టాలి

సంపాదకులు గారికి,

పులికాట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఫ్లెమింగోలే. వాటిని చూడ్డానికి సూళ్లూరుపేట దాకా వెళ్లినవాళ్లు, కాలికింద జారే పాచిని చెప్పులకు తుడిచేసుకుని వచ్చేస్తారు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలిగా నేను రాస్తున్నది ఆ పాచి గురించే.

రెండేళ్ల కిందట అనుమతి తీసుకుని, మా విద్యార్థిని ఒకమ్మాయితో కలిసి శ్రీహరికోట రోడ్డు పక్కన ఉప్పునీళ్లలో దాన్ని సేకరించాం. చాకుతో లేపితే తడిచాపలా ఊడి వచ్చింది. పైన ముదురు పచ్చ, దానికింద ఊదా, అడుగున కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నల్లమట్టి. ఆ పైపొర సయానోబ్యాక్టీరియా, మనం నీలి ఆకుపచ్చ శైవలాలని చదువుకున్నవే. నీడన ఆరబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని సిలికా కాలమ్ మీద భాగాలుగా విడదీశాం. ఒక పసుపు భాగం కలిపిన పళ్లెంలో ఉప్పునీటి రొయ్యపిల్లలు మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు. ఆ అమ్మాయి మూడుసార్లు లెక్కపెట్టింది. రొయ్యపిల్ల చచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. కానీ అందులో ఏదో ఉంది.

అదేమిటో తేలాలంటే మిశ్రమాన్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో శుద్ధి చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణుభారం చూసి, అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ యంత్రంలో ఏ హైడ్రోజన్ ఏ కార్బన్‌ను పట్టుకుని ఉందో చదవాలి. నమూనాను వేరే ఊరి ల్యాబుకు పంపితే, చాలదు, ఇంకా పంపండని నాలుగు నెలలకు జవాబొచ్చింది. మళ్లీ వెళ్లేసరికి వానలకు నీళ్లలో ఉప్పు తగ్గిపోయింది, ఆ పాచి అక్కడ లేదు. కల్చర్‌గా, అంటే ల్యాబులోనే బతికించి, పెంచి దాచుకునే వసతి మా కాలేజీలో లేకపోయింది.

పోయింది పాచే కదా అనుకోకండి. హిందూ మహాసముద్రంలోని సముద్ర కుందేలు అనే మెత్తటి జీవి నుంచి అమెరికాలో పెటిట్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం క్యాన్సర్ కణాలను చంపే డోలాస్టాటిన్ 10 అనే పదార్థాన్ని వేరుచేసి 1987లో దాని నిర్మాణం ప్రకటించింది. టన్నులకొద్దీ జీవులకు దక్కింది మిల్లీగ్రాములే. 2001లో అదే పదార్థం సింప్లోకా అనే సయానోబ్యాక్టీరియాలో కనబడింది, అంటే అసలు సంగతి కుందేలు మేతలో ఉంది! దాని పోలికతో తయారుచేసిన అణువే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే క్యాన్సర్ మందులో ఉంది. ఆ మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ రోగులకు వాడుతున్నారు.

తిరుచిరాపల్లి భారతిదాసన్ యూనివర్సిటీలో సముద్ర సయానోబ్యాక్టీరియాకు జాతీయ కేంద్రం 1991లోనే వచ్చింది. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వచ్చింది. ఎస్వీయూ, మహిళా యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్ అన్నీ ఉన్న ఈ ఊళ్లో పులికాట్ పాచికి ఒక కల్చర్ గది పెట్టలేమా? ఈ సంస్థలు కలిసి కూర్చుని, పెద్ద పరికరాల మీద వారానికి ఒకరోజు చిన్న కాలేజీల పిల్లలకు తక్కువ రుసుముతో కేటాయించాలి. నమూనా ఏ ఒడ్డున తీశారో మొదటి రోజే నమోదు చేయాలి, ఎందుకంటే రేపు ఆదాయం వస్తే 2002 జీవవైవిధ్య చట్టం కింద అక్కడి జాలర్లకు వాటా అడగాల్సింది ఆ కాగితం చూపించే.

అక్టోబరు వానలు పడితే సరస్సు నీళ్లు మళ్లీ మారిపోతాయి. ఈ ఏటి సేకరణ ఆలోపే జరగాలి.

— ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి